‘బ్రేకులు ఫెయిల్’ అని రాసి ఆపేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఘాట్‌లో బండి లోయలో పడినా, హైవేలో ఆగి ఉన్న లారీని కారు గుద్దినా మన పేపర్లలో తరచూ కనిపించే మాట ‘బ్రేకులు ఫెయిల్ కావడంతో’. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో కిక్కిరిసిన బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయినప్పుడు వినిపించిన మాటల్లోనూ ఇదొకటి. నేను ఇరవై ఏళ్లుగా దోర్నాలలో మెకానిక్ షెడ్డు నడుపుతున్నాను. శ్రీశైలం ఘాట్ దిగిన బండ్లు ఎన్నో నా చేతికి వచ్చాయి. వాటిలో బ్రేకులు వాటంతట అవే చెడినవి చాలా తక్కువ.

కిందటి కార్తీకంలో ఒక ఏడు సీట్ల బండి షెడ్డు ముందు ఆగింది. ముందు చక్రాల నుంచి పొగ, గుప్పున కాలిన వాసన. ‘అన్నా, పెడల్ నేలకు తగులుతోంది, బ్రేకు పడట్లేదు’ అన్నాడు నడిపే కుర్రాడు. చేతులు వణుకుతున్నాయి. వెనక సీట్లో ముసలమ్మ ప్రసాదం సంచిని గుండెకు అదుముకుని కూర్చుంది. అతని తమ్ముడు చక్రం మీద బాటిల్ నీళ్లు పోయబోతే ఆపాను. అంత వేడి మీద చన్నీళ్లు పడితే చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్క్ వంకర పోతుంది, పగిలినా పగలొచ్చు. ముప్పావు గంట నీడలో ఉంచాక పెడల్ మళ్లీ గట్టిపడింది. అప్పుడు ఎవరు తొక్కి చూసినా ‘బ్రేకులు బాగానే ఉన్నాయి’ అనే చెప్తారు.

డీజిల్ మిగులుతుందని ఆ కుర్రాడు ఘాట్ అంతా న్యూట్రల్‌లో దిగాడు. గేర్లో ఉంటే ఇంజినే బండిని కొంత పట్టి ఉంచుతుంది. అది లేక భారమంతా బ్రేకుల మీద పడింది. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి ప్యాడ్లు డిస్క్‌ను పట్టుకుంటాయి, ఆ రాపిడిలో బండి వేగం వేడిగా మారుతుంది. జనం ఎక్కువైతే ఆ వేడీ ఎక్కువే. చల్లారే సందు ఇవ్వకుండా తొక్కుతూ ఉంటే ప్యాడ్లకు పట్టు తగ్గుతుంది, ఆయిల్ మరుగుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు, తేమ బాగా పట్టాక 140 దగ్గరే మరగొచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు చేరతాయి. మనం తొక్కిన బలమంతా ఆ బుడగలను నొక్కడానికే పోతుంది, ప్యాడ్ల దాకా రాదు. ఆ బండిలో ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది. రెండేళ్లకోసారి మార్చాల్సింది, కొన్నాక ఒక్కసారీ మార్చలేదట.

పోనీ డీజిల్ అయినా మిగిలిందా అంటే అదీ లేదు. ఇప్పటి బండ్లు గేర్లో దిగుతూ యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌కు ఇంధనం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం కాలుతూనే ఉంటుంది. కొందరు ఏకంగా ఇంజిన్ ఆపేసి దిగుతారు. అది ఇంకా ప్రమాదం. బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బూస్టర్‌కు ఇంజిన్ నడవాలి. ఆపేశాక రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా అవుతుంది.

చదును రోడ్డు మీద కథ వేరు. అక్కడ బ్రేకులు బాగానే పడతాయి, దూరమే చాలదు. మంచి టైర్లు, పొడి రోడ్డు అనుకుందాం. 60 వేగంలో అడ్డు కనిపించాక కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సెకను పడితే ఆలోపే 17 మీటర్లు పోతాం, ఆగడానికి ఇంకో 20 కావాలి. 100లో అవి 28, 56 అవుతాయి. 60లో వచ్చిన కారు ఆగిపోయే చోట, 100లో వచ్చిన కారు ఇంకా 90కి పైగా వేగంతోనే ఉంటుంది! ఈ ఒక్క లెక్క వినగానే మా షెడ్డుకు వచ్చిన కుర్రాళ్లు నోరెళ్లబెడతారు. వాన పడినా, టైర్లు అరిగినా, రోడ్డు మీద వడ్లు ఆరబోసినా దూరం ఇంకా పెరుగుతుంది. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉందిగా అంటారు. తొక్కి పట్టినా స్టీరింగ్ మాట వినేలా అది చూస్తుంది. వడ్ల మీద, ఇసుక మీద దూరం తగ్గుతుందని మాత్రం నమ్మొద్దు.

అయ్యా, మీ విలేకరులు ప్రమాదం గురించి రాసేటప్పుడు దయచేసి ఇంకో నాలుగు సంగతులు కనుక్కోండి. బండి ఏ గేర్లో ఉంది? ఎంత వేగం? ఎంతమంది ఉన్నారు? బ్రేక్ ఆయిల్, టైర్లు ఎప్పుడు మార్చారు? లైసెన్స్ టెస్టులో ఎనిమిది వేయించే అధికారులు, ఒక్కసారి గట్టిగా బ్రేకు తొక్కించి ఎంత దూరంలో ఆగిందో అభ్యర్థికే కొలిచి చూపించాలి. ఘాట్ దిగడం మొదలయ్యే చోట, శివరాత్రి రద్దీకి ముందే, రాత్రి కూడా కనిపించేలా పెద్ద బోర్డు పెట్టించండి: ‘ఇంజిన్ ఆపొద్దు. న్యూట్రల్ వద్దు. రెండో గేర్లో దిగండి. కాలిన వాసన వస్తే పక్కన ఆపి చల్లారనివ్వండి.’ ఆపుకోవడానికి నాలుగు బండ్లు పట్టేంత చోటు కూడా కావాలి.

— ఒక మెకానిక్, దోర్నాల