పాఠ్యపుస్తకాల ఆలస్యం, పాత గైడ్లు, కొత్త రూల్స్: మా షాపు కస్టమర్లకు

మా దగ్గర పుస్తకాలు కొనే తల్లిదండ్రులకు, పిల్లలకు నమస్తే. "పుస్తకం ఎప్పుడొస్తుందండీ?" అని ఈ సీజన్‌లో అడగనివాళ్లు లేరు. కౌంటర్ దగ్గర రద్దీలో ఒక్కొక్కరికీ వివరంగా చెప్పడం కుదరడం లేదు. అందుకే ఈ 2025 జూలైలో తీరిక చూసుకుని రాస్తున్నాను.

ముందు సీబీఎస్‌ఈ వాళ్ల సంగతి. కేంద్రం జాతీయ విద్యా విధానాన్ని 2020 జూలై 29న ఆమోదించింది. ఈ నెలాఖరుకు ఐదేళ్లు నిండుతాయి. ఆ విధానం ప్రకారమే ఎన్‌సీఈఆర్‌టీ (కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు తయారుచేసే సంస్థ) పుస్తకాలు తిరగరాస్తున్నారు. 2023లో 1, 2 తరగతులవి, 2024లో 3, 6 తరగతులవి మారాయి. ఈ ఏడాది, అంటే 2025లో, 4, 5, 7, 8 వంతు. క్లాసులేమో ఏప్రిల్‌లోనే మొదలయ్యాయి, 5, 8 తరగతుల సెట్లు మాత్రం మా షాపులో ఇప్పటికీ పూర్తి కాలేదు. కొత్త పుస్తకాలు నాకు నచ్చాయి, బొమ్మలు బాగున్నాయి, పాఠాలు చదివించేలా ఉన్నాయి. కానీ పుస్తకం అచ్చయ్యాక బడి తెరవాలా, బడి తెరిచాక పుస్తకం అచ్చు వేయాలా? ఢిల్లీలో ఎవరూ అడగని ప్రశ్న మా కౌంటర్ దగ్గర రోజూ వినిపిస్తోంది.

కాబట్టి ఇకమీదట ఆ పుస్తకాలకు అడ్వాన్స్ తీసుకోను. పేరు రాసి వెళ్లండి, వచ్చాక ఫోన్ చేస్తాం, అప్పుడే డబ్బులివ్వండి. ఈలోగా ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ ఉచితంగా ఉంటుంది, దింపుకోండి. ఎనిమిదో తరగతి దాకా 2025లో ఒక్కో పుస్తకం 65 రూపాయలే. అంతకు మించి ఎవరైనా అడిగితే కొనకండి.

దాచడం దేనికి, 65 రూపాయల పుస్తకం మీద మాకు మిగిలేది చాలా తక్కువ. షాపు అద్దె కట్టేది గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు, నోట్‌బుక్స్ అమ్మి. బట్టీ చదువు పోవాలని కొత్త విధానం గట్టిగానే చెప్పింది. అదే జరిగితే ముందు దెబ్బ తినేది నా గైడ్ల ర్యాకే. ఐదేళ్లయినా ఆ ర్యాక్ చెక్కుచెదరలేదు. పదో తరగతికి 2026 నుంచి సీబీఎస్‌ఈ రెండు పరీక్షలు పెడుతోంది, ఒకటి ఫిబ్రవరిలో, రెండోది మేలో. రెండోది ఇష్టమైతేనే రాయొచ్చు, ఎక్కువ వచ్చిన మార్కులే లెక్క. పిల్లలకు టెన్షన్ తగ్గించడానికట. ఆ వార్త వచ్చాక ఒక తండ్రి మా షాపుకొచ్చి శాంపిల్ పేపర్లు రెండు సెట్లు కావాలన్నారు. ఆయన్ను తప్పు పట్టను. ప్రశ్నపత్రం మారినప్పుడే గైడ్ మారుతుంది, విధానం ఎంత బాగా రాసినా.

ఇంటర్ సంగతి ఇంకా గజిబిజి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఏడాది (2025-26) ఫస్టియర్‌కు ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది. మ్యాథ్స్ ఎ, బి పేపర్లు కలిసి ఒకటయ్యాయి, బాటనీ, జువాలజీ కూడా అంతే. సెకండియర్ వాళ్లది మాత్రం ఈ ఏడాదికి పాత సిలబస్సే. జేఈఈ, నీట్ రాసే పిల్లలకు ఇది మంచిదే, ఒకే పుస్తకం రెండు చోట్లా పనికొస్తుంది. తెలుగు మీడియం పిల్లలు వచ్చి అడిగినప్పుడే ఇబ్బంది, వాళ్లకు చూపించడానికి నా దగ్గర సరిపడా పుస్తకాల్లేవు. 2025 జనవరిలో ఫస్టియర్ పబ్లిక్ పరీక్షలే ఎత్తేద్దామని ఇంటర్ బోర్డు ప్రతిపాదించి, జనాన్ని అభిప్రాయాలు అడిగి, చివరికి వెనక్కి తీసుకుంది. ఆ రోజుల్లో గైడ్లు తెప్పించాలో వద్దో తేలక తల పట్టుకున్నాను. అయినా చెప్తున్నాను, అడగడం మంచి పని. మిగతావన్నీ జీవోలు వచ్చాకే కదా మనకు తెలిసేది.

పాత ఫస్టియర్ గైడ్లు నా దగ్గర గుట్టగా మిగిలాయి. వేసిన పబ్లిషర్ రిటర్న్ తీసుకోనన్నాడు. వాటిని సగానికి సగం తగ్గించి ఇస్తున్నాను. ఈ ఏడాది కొత్తగా చేరిన పిల్లలు మాత్రం చౌక అని కొనకండి, మీకు పనికిరావు. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లు కాలేజీలో ఒకసారి అడిగి రండి.

మాతృభాష మీద కూడా మా షాపులో వాదనలు గట్టిగానే జరుగుతున్నాయి. వీలైన చోట కనీసం ఐదో తరగతి దాకా సొంత భాషలో చెప్పమంది విధానం. తెలుగులోనే చెప్పాలని వాదించే పెద్దాయన మనవడికి ఇంగ్లిష్ మీడియం సెట్టు కట్టించుకుని వెళ్తారు. ఉద్యోగాలు ఇంగ్లిష్ అడుగుతున్నంత కాలం ఆయనైనా ఏం చేస్తారు? నా మట్టుకు నాకు మన ప్రభుత్వ బడుల పుస్తకమే నచ్చింది. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. ప్రైవేటు స్కూలు పిల్లల తల్లులు కూడా అవి దొరుకుతాయా అని అడుగుతున్నారు, ఇంట్లో పాఠం చెప్పడానికి.

ఇక పాత పుస్తకాల మార్పిడి. 4, 5, 7, 8 తరగతుల పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు తీసుకోలేను, క్షమించండి. 9, 10 తీసుకుంటాను. కానీ అవీ మారబోతున్నాయి కాబట్టి సగం ధర ఇవ్వలేను, మూడో వంతు ఇస్తాను. పేజీలు చిరగకుండా ఉండాలి. పెన్సిల్ గీతలు ఫర్వాలేదు, మా అబ్బాయి చెరిపేస్తాడు.