చిట్టీ, ఓబులేసు మామ చేను సంగతి

చిట్టీ,

ఇక్కడ అందరం బాగుండాం. మీ జేజికి మోకాళ్లు కాస్త నయం. చలి మొదలైంది, నీ స్వెట్టరు పెట్టెలోనే ఉండిపోయింది. దసరాకు వచ్చిపోయినప్పటి నుంచి సరిగ్గా మాట్లాడిందే లేదు. పరీక్షలేమోలే అనుకున్నా.

లక్ష్మక్క కొడుకు ఏదో అన్నాడంట, నువ్వు అగ్రికల్చర్ మానేసి బెంగళూరులో కంప్యూటర్ కోర్సుకు పోతాండావని. నేను పట్టించుకోలేదు.

ఓబులేసు మామ దిబ్బచేన్లో ఈ ఏడే మొదటిసారి పప్పుశెనగ వేసినాడు. నెల దాటినా పైరు పచ్చబడలేదు, ఆకులు పసుపు తిరిగినాయి. మీ నాయన నన్ను పిలిచినాడు. నువ్వు నేర్పినట్టే మొక్కను పెరక్కుండా పారతో గడ్డతో సహా ఎత్తి, బకెట్ నీళ్లలో నానబెట్టి కడిగినా. పెరికితే వేళ్లకుండే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి కదా. ఒక్క బుడిపె లేదు, వేళ్లు నున్నగా ఉండాయి. మన చేన్లో మొక్క తెచ్చి కడిగితే గుత్తులు గుత్తులు! గోటితో చీలిస్తే లోపల లేత మాంసం రంగు. ఆ ఎరుపు ఉంటేనే గాలిలో నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుందని చెప్పింది నువ్వే. ఆరా తీస్తే, మామ విత్తనానికి బెల్లం నీళ్లతో పట్టించింది శెనక్కాయకు తెచ్చి మిగిలిన రైజోబియం పొట్లం, అదే బుడిపెలు కట్టించే బ్యాక్టీరియా. అది కందికీ పెసరకూ అలసందకూ పనికొస్తుంది గానీ, పప్పుశెనగకు పడే జాతి ఇంకొకటి. మనది ఏటా పప్పుశెనగ పడే చేను కాబట్టి ఆ బ్యాక్టీరియా మట్టిలోనే ఉంది. దిబ్బచేన్లో యాడుంటుంది? ఇప్పుడు పైన యూరియా చల్లుకుంటాండాడు పాపం. విత్తే ముందు చెప్పగలిగినదానివి ఈ ఊర్లో నువ్వొక్కదానివే. అట్లాంటి చదువును ఎవరైనా మానేస్తారా? మానలేదులే, నాకు తెలుసు.

1888లో బైజరింక్ అనే డచ్చాయన బుడిపెల్లోంచి బ్యాక్టీరియాను విడిగా తీసినాడని నువ్వు చదివి వినిపిస్తే, కంది వేసిన చేన్లో మరుసటేడు జొన్న బాగా వస్తుందని మా అవ్వకే తెలుసు అనింది మీ జేజి. మొన్న కూడా ఆ మాటే తలుచుకుంది.

మీ నాయన కాలవ కింద వరిమడికి అజోస్పైరిల్లం అనే ఇంకో బ్యాక్టీరియా తెస్తానంటాండాడు. వరికి బుడిపెలు కట్టవు, అది వేరు చుట్టూ, వేరు పైపొరల్లో బతుకుతుందన్నావు. మరి పశువుల ఎరువులో కలిపి చల్లాలా, నారు వేళ్లు ముంచాలా? యూరియా ఎంత తగ్గించొచ్చు? వివరంగా రాయి.

చేతికొచ్చిన చదువు నడిమధ్యలో వదిలితే రెంటికీ చెడతాం. అర్థం కాకపోతే సార్లను అడుగు, సిగ్గుపడొద్దు. ఫీజు సంగతైతే దాచొద్దు, ఎర్రావు దూడను అమ్ముదాం. రాత్రిళ్లు మేలుకోవద్దు. హాస్టల్ కూర సయించకపోతే పెరుగన్నమైనా తిను. తలకు నూనె పెట్టుకో.

ఆదివారం ఫోన్ చెయ్యి. చెయ్యకుంటే సోమవారం మొదటి బస్సుకు మీ నాయన తిరుపతికి వస్తాడు. ఫోన్ చేసినా వస్తాడులే, స్వెట్టరూ నిప్పట్లూ పంపిస్తాండా. గదిలో పిల్లలకు కూడా పెట్టు.

మీ అమ్మ