నిర్వచనం దగ్గర తొందరపడకు

చిన్నీ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. "మతం అంటే దేవుడి మీద నమ్మకం" అని మొదలుపెట్టి మూడో పేరాలో బౌద్ధాన్ని తెచ్చావు. చిక్కు అక్కడే వచ్చింది. సృష్టికర్త ప్రసక్తి లేకుండానే బౌద్ధం నడుస్తుంది. నీ మొదటి వాక్యం దాన్ని గుమ్మం బయటే ఆపేసింది, నువ్వేమో లోపల కుర్చీ వేశావు.

ఈ తప్పు నీ ఒక్కదానిదే కాదులే. 1871లో ఎడ్వర్డ్ టైలర్ అనే మానవశాస్త్రవేత్త దీన్ని సరిచేద్దామనే కూర్చున్నాడు. సర్వోన్నత దేవుణ్ణో, చనిపోయాక తీర్పునో షరతుగా పెడితే ఎన్నో తెగలకు మతమే లేదనాల్సి వస్తుందని గమనించి, "అశరీర శక్తుల మీద నమ్మకం" ఉంటే చాలన్నాడు. కనీస నిర్వచనం అని దానికి పేరు. 1912లో సామాజికశాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ సరిగ్గా బౌద్ధాన్నే చూపించి ఇది చాలదన్నాడు. ఆయన చూపు దేవుడి మీద కాదు, గీత మీద: కొన్నిటిని పవిత్రమని వేరుచేసి, ముట్టకూడదని కట్టడి చేసి, వాటి చుట్టూ జనం ఒకే నైతిక సమాజంగా కూడితే అది మతం. మంత్రగాణ్ణి ఆయన ఎలా పక్కనపెట్టాడో చూడు. మంత్రగాడి దగ్గరికి పనిపడ్డవాళ్లు వస్తారు, పోతారు, వాళ్ల మధ్య బంధం ఏర్పడదు. ఇంత చక్కగా కోసిన గీత ఇంకొకటి నేను చూడలేదు.

అయితే ఆ తలుపు మరీ వెడల్పు. జాతీయ జెండా, అమరవీరుల స్తూపం కూడా దూరిపోతాయి. డర్క్‌హైమ్‌కు అందులో ఇబ్బందేమీ లేదు, సమాజాన్ని కలిపి ఉంచేది ఏమిటన్నదే ఆయన ప్రశ్న. నీ ప్రశ్న అది కాకపోతే ఆయన వాక్యాన్ని అరువు తెచ్చుకోకు. 1966లో మానవశాస్త్రవేత్త మెల్ఫర్డ్ స్పైరో మళ్లీ తలుపు బిగించాడు: మానవాతీత శక్తులు ఉన్నాయని ఒక సంస్కృతి భావిస్తే, వాటితో ఆ సంస్కృతి నేర్పిన తీరులో వ్యవహరించే వ్యవస్థే మతమన్నాడు. క్షేత్రపనికి నా ఓటు దీనికే. ఎవరిని చేర్చాలో, ఎవరిని వదలాలో అక్కడికక్కడే తేలుతుంది.

మనస్తత్వశాస్త్రం వైపు విలియం జేమ్స్ నిజాయితీ నాకు నచ్చుతుంది. 1902లో, మనిషి ఏకాంతంలో దైవమని తాను భావించేదానితో తనకున్న సంబంధంలో పొందే అనుభూతులు, చేసే పనులు, అనుభవాలే మతమంటూ, ఈ అర్థం తన ప్రసంగాల వరకే, తన ఇష్టం కొద్దీ ఎంచుకున్నదేనని ముందే చెప్పేశాడు. నువ్వూ అలా ఒక్క వాక్యం రాసుకుంటే సగం విమర్శలు రావు. సామాజికశాస్త్రవేత్త మాక్స్ వేబర్ అసలు నిర్వచనమే ఇవ్వలేదు, ఇస్తే గిస్తే అధ్యయనం ముగిశాకే అన్నాడు. విద్యార్థులకు ఆ దారి పనికిరాదు, మార్కులు పోతాయి.

మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్‌ని ఉటంకించావు కానీ, ఆయన్ని విమర్శించిన మరో మానవశాస్త్రవేత్త తలాల్ అసద్‌ని వదిలేశావు. గీర్ట్జ్ మతాన్ని ప్రతీకల వ్యవస్థగా చూశాడు. మతం ప్రధానంగా మనసులోని నమ్మకమన్న ఊహే ఐరోపా క్రైస్తవం ఆధునిక కాలంలో నడిచిన దారి నుంచి వచ్చిందని, దాన్ని అన్నిచోట్లా కొలబద్దగా వాడలేమని అసద్ వాదన. జపానునే తీసుకో. రిలీజియన్‌కు 'షూక్యో' అన్న మాట స్థిరపడింది 19వ శతాబ్దంలో. అక్కడ ఆలయానికి వెళ్లే చాలామంది, మతం ఉందా అని అడిగితే లేదనే అంటారు. అందుకే నీ ప్రశ్నపత్రంలో "మీ మతం ఏమిటి?" అన్న ఒక్క ప్రశ్న సరిపోదు. ఏం నమ్ముతారు, ఏం చేస్తారు, ఏ సమూహానికి చెందినవాళ్లమనుకుంటారు అని మూడు విడివిడిగా అడుగు. జవాబులు ఒకదానితో ఒకటి పొసగకపోతే కంగారుపడి సరిదిద్దకు, అసలు సమాచారం అదే.

మన 'మతం' మాటకూ మొదటి అర్థం అభిప్రాయమే. అభిమతం, సమ్మతం అన్నవాటిలో అది ఇంకా వినిపిస్తుంది. కానీ వ్యుత్పత్తితో వాదం గెలవాలని చూడకు. 'రిలీజియన్' మాట లాటిన్ మూలాన్ని రోమన్ వక్త సిసిరో 'మళ్లీ మళ్లీ శ్రద్ధగా చూసుకోవడం' అన్నాడు, తొలినాటి క్రైస్తవ రచయిత లాక్టాంటియస్ 'కట్టివేయడం' అన్నాడు, ఆ తగువు తేలనే లేదు.

న్యాయశాస్త్రం గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. ప్రొఫెసర్లు వాయిదా వేయొచ్చు, కోర్టు మాత్రం అవుననో కాదనో చెప్పి తీరాలి. 1965లో సీగర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, దైవభక్తుడి జీవితంలో దేవుడికి ఉండే స్థానమే ఒకరి జీవితంలో ఏదైనా గాఢ విశ్వాసానికి ఉంటే, మత కారణంతో సైనిక సేవ నుంచి ఇచ్చే మినహాయింపుకు అది చాలంది. అప్పటి చట్టంలో ఉన్న మాటేమో 'పరమాత్మ'!

ఇక నీ వాక్యం తిరగరాసి, దాని ముందు బౌద్ధాన్నీ మంత్రగాణ్ణీ జెండానూ ఫుట్‌బాల్ అభిమాన సంఘాన్నీ నిలబెట్టు. ఎవరు లోపల, ఎవరు బయట, ఎందుకు అన్నది ఒక్కొక్కరికి రెండేసి వాక్యాల్లో రాసి పంపు. మొదటి పేరా సంగతి అప్పుడు చూద్దాం.

ప్రేమతో,
నాన్న