సూత్రం సరే, ప్రశ్నకు జవాబేది? మీ ఆర్థిక గణితం కోర్సుపై ఫిర్యాదు

కోర్సు రూపకల్పన విభాగాధిపతి గారికి,
(ప్రతి: వినియోగదారుల సేవా విభాగం)

విషయం: వ్యాపార, సామాజిక ప్రశ్నలకు ఆర్థిక గణితాన్నీ గణాంకశాస్త్రాన్నీ అన్వయించే మీ ఆన్‌లైన్ కోర్సు జవాబుల్లో తప్పులు, మార్కుల సవరణ, చందా వాపసు గురించి.

అయ్యా / అమ్మా,

మీ సంస్థ అమ్ముతున్న పై కోర్సుకు మా కళాశాల వాణిజ్య విభాగం చందా కట్టింది. ఆ సబ్జెక్టు బోధించేది నేనే. వీడియోలు బాగున్నాయి. అభ్యాసాలకు కొరత లేదు. తెర మీద గ్రాఫులు కదులుతుంటే విద్యార్థులు ఉత్సాహంగానే చూస్తున్నారు. నా ఫిర్యాదు వాటి మీద కాదు. పరీక్షలను మీ కంప్యూటర్ ప్రోగ్రామే దిద్దుతుంది. ఆ దిద్దుబాటులో ఆలోచించి రాసిన విద్యార్థికి సున్నా వస్తోంది, కంటికి కనిపించిన అంకెలను సూత్రంలో వేసి గట్టెక్కినవారికి పూర్తి మార్కులు వస్తున్నాయి.

ఈ సంగతి ఇంతకుముందే మీ సహాయ కేంద్రానికి రాశాను. సూత్రం ప్రకారం జవాబు సరైనదేనని ఒక్క వాక్యంలో తేల్చి ఫిర్యాదును మూసేశారు. సూత్రం తప్పని నేను ఎక్కడా అనలేదు. అడిగిన ప్రశ్నకు ఆ సూత్రం వర్తించదన్నాను. సహాయ కేంద్రంలో కూర్చున్నవారికి ఈ తేడా పట్టకపోతే అర్థం చేసుకోగలను. కోర్సు తయారుచేసినవారికి పట్టకపోతే ఎలా? అందుకే ఈసారి లెక్కలతో సహా నేరుగా మీకే రాస్తున్నాను.

అప్పుల అధ్యాయంతో మొదలుపెడతాను, అన్నిటికన్నా ఎక్కువ హాని అక్కడే ఉంది. మీ ప్రశ్న ఇది: ఒక చిరువ్యాపారి 1,00,000 అప్పు తీసుకున్నాడు. మొదట తీసుకున్న మొత్తం అసలుపై ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీ కట్టి, అసలూ వడ్డీ కలిపి 12 సమాన నెలవారీ వాయిదాల్లో తీర్చాలి. అతను నిజంగా భరిస్తున్న వార్షిక వడ్డీ రేటు ఎంత? మీ జవాబు 12 శాతం. ఆ 12 ప్రశ్నలోనే ఉంది కదా, మళ్లీ అడగడం దేనికి? ‘నిజంగా’ అన్న మాట అక్కడ ఊరికే పెట్టారా? మా విద్యార్థిని ఒకరు 21.5 అని రాసి, పక్కన లెక్క కూడా చూపించింది. ఆమెకు సున్నా వేశారు.

ఆమె లెక్కే సరైనది. వ్యాపారి కట్టాల్సింది మొత్తం 1,12,000, అంటే నెలకు 9,333. ఇందులో 8,333 అసలు కింద జమ, 1,000 వడ్డీ. మొదటి నెలలో అతని చేతిలో లక్ష ఉంది కాబట్టి ఆ వెయ్యి నూటికి ఒకటి చొప్పున పడుతుంది, బాగానే ఉంది. చివరి నెలకు వచ్చేసరికి అతని దగ్గర మిగిలిన అసలు 8,333 మాత్రమే. దానికీ అదే వెయ్యి వడ్డీ. అంటే ఆ ఒక్క నెలకే 12 శాతం! తీర్చేసిన డబ్బుకు కూడా అతను వడ్డీ కడుతూనే ఉన్నాడు. ఆ పన్నెండు వాయిదాల ప్రస్తుత విలువ (తర్వాత కట్టే డబ్బును వడ్డీ మేరకు తగ్గించి ఈనాటి లెక్కలో చూస్తే వచ్చే మొత్తం) సరిగ్గా లక్షకు సమానం కావాలంటే నెలకు సుమారు 1.79 శాతం రేటు వేయాలి. పన్నెండు నెలలకు అది 21.5 శాతం. చక్రవడ్డీగా లెక్కిస్తే 23.7 వరకూ వెళ్తుంది. తగ్గుతూ వచ్చే అసలుపై నిజంగానే 12 శాతం వేసి ఉంటే వాయిదా 8,885 దగ్గర ఆగేది, మొత్తం వడ్డీ సుమారు 6,619 అయ్యేది. 12,000 ఎక్కడ, 6,619 ఎక్కడ?

దీని తర్వాతి ప్రశ్న ఇంకా విచిత్రం. ఇదే అప్పును, తగ్గే అసలుపై 18 శాతం వడ్డీకి ఇస్తానన్న మరో అప్పుతో పోల్చి ఏది చవకో చెప్పమన్నారు. మీ జవాబు మొదటిదే, 12 అనేది 18 కన్నా చిన్నది కాబట్టి. రెండో అప్పుకు నెలవారీ వాయిదా 9,168, ఏడాదిలో కట్టే వడ్డీ సుమారు 10,016. 18 శాతం అప్పే చవక. మీ కోర్సు చదివి పూర్తి మార్కులు తెచ్చుకున్నవాడు రేపు నిజంగా అప్పు చేసేటప్పుడు ఖరీదైనదాన్నే ఎంచుకుని, తెలివిగా ఎంచుకున్నాననుకుంటాడు. చదువుకోనివాడు కనీసం నలుగురిని అడిగేవాడు.

పెట్టుబడుల అధ్యాయానికి వద్దాం. నాలుగేళ్లలో ఒక పెట్టుబడిపై వచ్చిన రాబడులు వరుసగా 50 శాతం లాభం, 40 శాతం నష్టం, 30 శాతం లాభం, 20 శాతం నష్టం. ఏడాదికి సగటున ఎంత వేగంతో పెరిగిందని అడిగారు. నాలుగూ కూడి నాలుగుతో భాగించి 5 శాతం అన్నారు. 100 పెట్టినవాడి సంగతి చూడండి: మొదటి ఏడాది చివర 150, తర్వాత 90, ఆపైన 117, చివరికి 93.6. పెట్టిన వందలోనే 6.4 పోయింది. అలాంటి మనిషితో నీ డబ్బు ఏటా 5 శాతం పెరిగిందని చెప్పగలరా? ఇక్కడ కావలసింది అంకమధ్యమం (కూడి భాగించే సగటు) కాదు, గుణమధ్యమం (ఏటేటి పెరుగుదలను గుణించి, నాలుగో మూలం తీస్తే వచ్చే సగటు). అది ఏటా సుమారు 1.6 శాతం తరుగుదలను చూపిస్తుంది. గుణమధ్యమం మీ రెండో అధ్యాయంలోనే ఉంది, నిర్వచనంతో సహా చక్కగా చెప్పారు. ఆ అధ్యాయం రాసినవారూ ఈ ప్రశ్న రాసినవారూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నట్లు లేదు.

అంతర్గత రాబడి రేటు (రాబోయే రాబడి, ఖర్చుల ప్రస్తుత విలువ మొదట పెట్టిన ఖర్చుకు సరిసమానమయ్యే రేటు) ప్రశ్నలో తప్పు కొంచెం లోతుగా ఉంది. ప్రాజెక్టుకు మొదట 100 ఖర్చు, ఏడాది తర్వాత 230 రాబడి, రెండో ఏడాది చివర శుభ్రపరిచే పనులకు 132 ఖర్చు. రేటు 20 శాతం అని మీ జవాబు. 10 శాతం అని రాసినవారికి సున్నా. వేసి చూడండి: 10 శాతం దగ్గర 230 ప్రస్తుత విలువ 209.09, 132ది 109.09. తేడా సరిగ్గా 100. 20 శాతం దగ్గర 191.67, 91.67. మళ్లీ 100. నగదు ప్రవాహం గుర్తు (ఖర్చుకు మైనస్, రాబడికి ప్లస్) రెండుసార్లు మారింది కాబట్టి రెండు రేట్లు వచ్చాయి, రెండూ సరైనవే. ఆ కారణంగానే ఒక్క రేటును పట్టుకుని ఇలాంటి ప్రాజెక్టుపై నిర్ణయం తీసుకోకూడదు. పెట్టుబడికి తెచ్చిన సొమ్ముపై పడే రేటు 15 శాతమైతే నికర ప్రస్తుత విలువ (రాబడుల ప్రస్తుత విలువలోంచి ఖర్చులది తీసేస్తే మిగిలేది) సున్నా కన్నా కాస్త ఎక్కువ. 5 శాతమైతే నష్టం. వడ్డీ తక్కువగా ఉన్నప్పుడు నష్టం, పెరిగితే లాభం! తరగతిలో ఒక గంటసేపు చర్చకు పనికొచ్చే ముచ్చటైన ప్రశ్న ఇది. మీ చేతిలో పడి ఒక గడిలో ఒక అంకెగా మిగిలిపోయింది.

గణాంకాల భాగంలో సగటు ఆదాయం ప్రశ్న గురించి ఎక్కువ చెప్పను. పదిమందిలో తొమ్మిదిమంది ఆదాయం 20, ఒకరిది 320 అయితే అంకమధ్యమం 50 వస్తుంది, అక్కడ 50 సంపాదించేవారే లేరు. ‘సామాన్య ఉద్యోగి’ ఆదాయం అడిగినప్పుడు 20 అని మధ్యగతం (ఆదాయాలను వరుసలో పేరిస్తే నడిమి విలువ) రాసినవారికి మార్కులు ఇవ్వండి, చాలు.

నాకు నిజంగా కోపం తెప్పించింది సామాజిక ప్రశ్నల విభాగం. సంక్షేమ సహాయానికి 10,000 దరఖాస్తులు వచ్చాయి, వాటిలో నూటికి ఒకటి దొంగది. వాటిని పట్టే ప్రోగ్రాం దొంగ దరఖాస్తుల్లో 95 శాతాన్ని పట్టుకుంటుంది, నిజమైనవాటిలో 5 శాతాన్ని పొరపాటున అనుమానిస్తుంది. అనుమానించిన ఒక దరఖాస్తు నిజంగా దొంగదయ్యే సంభావ్యత ఎంత? మీ జవాబు 95 శాతం. కింద వివరణలో, అందువల్ల అనుమానితులందరికీ సహాయం ఆపడం సమర్థనీయమే అని కూడా రాశారు. లెక్క వేద్దాం. దొంగవి 100, వాటిలో పట్టుబడేవి 95. నిజమైనవి 9,900, వాటిలో అనవసరంగా ఇరుక్కునేవి 495. అనుమానం పడిన 590లో దొంగవి 95, అంటే సుమారు 16 శాతం. మీ వివరణ ప్రకారం నడుచుకుంటే 495 మంది నిజాయితీపరుల సహాయం ఆగిపోతుంది. ఇలాంటి సంభావ్యతను లెక్కించే బేయిస్ సిద్ధాంతం మీ ఏడో అధ్యాయంలో ఉంది. పన్నెండో అధ్యాయానికి వచ్చేసరికి దాన్ని మరచిపోయారు.

పక్షపాతంపై మీరు ఇచ్చిన ఉదాహరణ నిజమైనది, ప్రసిద్ధమైనది కూడా: 1973లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పీజీ ప్రవేశాలు. దరఖాస్తు చేసిన 8,442 మంది పురుషుల్లో 44 శాతం మందికి, 4,321 మంది మహిళల్లో 35 శాతం మందికి సీటు దొరికింది. ఇక్కడిదాకా సరిగానే ఇచ్చారు. ఆ వెంటనే విభాగాలు మహిళల పట్ల వివక్ష చూపాయని తేల్చి అధ్యాయం ముగించారు. అసలు కథ మొదలయ్యేదే అక్కడ. గణాంకశాస్త్రవేత్త పీటర్ బికెల్, ఆయన సహచరులు 1975లో ‘సైన్స్’ పత్రికలో ఈ అంకెలను విభాగాలవారీగా విడదీసి చూపారు. పెద్ద విభాగాల్లో ఒకదానిలో పురుషుల్లో 62 శాతం, మహిళల్లో 82 శాతం ఎంపికయ్యారు. అక్కడ దరఖాస్తు పెట్టిన పురుషులు 825 మంది, మహిళలు 108 మందే. ఇంకో విభాగంలో పురుషుల్లో 6 శాతం, మహిళల్లో 7 శాతం. మహిళలు ఎక్కువగా దరఖాస్తు చేసింది సీటు దొరకడం కష్టమైన విభాగాలకు, కాబట్టి మొత్తం కలిపితే బొమ్మ తిరగబడింది. దీన్నే సింప్సన్ విరోధాభాస అంటారు. సమాజంలో వివక్ష లేదని దీని అర్థం కాదు. ఆడపిల్లలు ఆ విభాగాల వైపే ఎందుకు వెళ్లారన్నది పెద్ద ప్రశ్న, దాన్ని ప్రవేశాల కమిటీ కన్నా చాలా ముందే మొదలుపెట్టి వెతకాలి. మా విద్యార్థుల్లో కొందరు విభాగాలవారీ అంకెలు లేకుండా చెప్పలేమని రాశారు. వాళ్లకూ సున్నానే.

ఇక ఒప్పా తప్పా ప్రశ్నల్లో ఒకటి: ‘నమూనా ఎంత పెద్దదైతే ఫలితం అంత నమ్మదగినది.’ ఒప్పు అన్నారు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. గెలిచింది రూజ్‌వెల్ట్, లాండన్‌కు దక్కినవి రెండే రాష్ట్రాలు. టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల యజమానుల జాబితాల నుంచి ఎక్కువగా పేర్లు తీసుకోవడం ఒక లోపం, జవాబు పంపినవారు మాత్రమే లెక్కలోకి రావడం ఇంకొకటి. వంట సరిగా కలపకపోతే ఎంత పెద్ద గరిటెతో రుచి చూసినా ఉప్పు సంగతి తెలియదు. ప్రశ్నలో ‘యాదృచ్ఛికంగా ఎంచిన’ అన్న మాట చేర్చితే మీ వాక్యం నిలబడుతుంది.

ఒక్క ప్రశ్నలో తప్పుంటే అచ్చుతప్పు అనుకునేదాన్ని. ఇన్ని చోట్ల ఒకే రకంగా జరిగింది కాబట్టి, జవాబుల పట్టికను సబ్జెక్టు తెలిసిన మనిషి ఎవరూ చదవలేదని నాకు అనిపిస్తోంది. అలా కాదంటే, చదివినవారు ఎవరో, ఏ అర్హతతో చదివారో తెలియజేయండి.

నేను కోరుతున్నవి ఇవి. పైన చెప్పిన ప్రశ్నల జవాబులను సరిదిద్ది, ఈ సెమిస్టర్ పరీక్షలను మళ్లీ దిద్దించండి. రెండు జవాబులకు తావున్న ప్రశ్నల్లో, కారణం రాసే గడి పెట్టి, దాన్ని మనిషి చేత దిద్దించండి. అది మీకు ఖర్చుతో కూడిన పని అని తెలుసు, మరి చందా కట్టించుకున్నది దేనికి? పన్నెండో అధ్యాయంలోని ఆ వివరణను వెంటనే తొలగించి, ఇప్పటికే ఈ కోర్సు పూర్తిచేసినవారందరికీ సవరణ నోటీసు పంపండి. ఇవి నెల రోజుల్లో జరగకపోతే చందాలో మిగిలిన కాలానికి సరిపడా సొమ్మును కళాశాల ఖాతాకు తిరిగి చెల్లించండి.

ప్రశ్నల తెర చిత్రాలు, విద్యార్థుల పేర్లు తొలగించిన జవాబు పత్రాలు, సహాయ కేంద్రం ఇచ్చిన సమాధానం నకలు, పై లెక్కలన్నీ వేసిన స్ప్రెడ్‌షీట్ జతచేస్తున్నాను. అందులో రేట్లు మార్చి మీరే సరిచూసుకోవచ్చు. సవరించిన మార్కులు వచ్చేదాకా మీ పరీక్షల ఫలితాలను మా విభాగం అంతర్గత మార్కుల్లో కలపదు. ఈ సంగతి విద్యార్థులకు ఇప్పటికే తెలియజేశాం.

భవదీయురాలు,
అధ్యాపకురాలు, వ్యాపార గణితం - గణాంకశాస్త్రం,
వాణిజ్య విభాగం