పిల్లల ఫిడేలుకు ఎంత పెట్టాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

విజయదశమి దగ్గర పడేసరికి సంగీతంలో చేర్పించే పిల్లల తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఫిడేలు ఎంతలో కొనాలి? దానికి ఊళ్లో రెండు సమాధానాలు తిరుగుతున్నాయి. పిల్ల నిలబడుతుందో లేదో తెలియదు కాబట్టి ముందు ఆన్‌లైన్‌లో మూడున్నర వేల సెట్టు తెప్పించండి అనేది ఒకటి. మంచి నాదం కావాలంటే నలభై వేలైనా పెట్టాల్సిందే అనేది రెండోది. ఈ రెండు సలహాల వల్లా ఇళ్లలో డబ్బు వృథా అవుతోంది. ఫిడేలు నేర్పేవాళ్లుగా, బాగుచేసేవాళ్లుగా మేం చెప్పేది ఇది: కొత్తగా మొదలుపెట్టేవారికి అన్నీ కలిపి పది నుంచి పదిహేను వేలు చాలు. అందులో కనీసం నాలుగో వంతు వాయిద్యానికి కాకుండా దాన్ని సరిచేయించడానికి, తీగలకు, కమానుకు పోవాలి.

మూడున్నర వేల సెట్టులో లోపం ఎక్కడుంటుందో చూడండి. ముందు బిరడాలు, అంటే తీగలు చుట్టి బిగించే కర్ర చీలలు. మెత్తటి కర్రకు నల్లరంగు వేసినవి రంధ్రంలో సమంగా కూర్చోవు. శ్రుతి చేసి చెయ్యి తీయగానే తిరిగిపోతాయి. పాఠం గంటలో పావుగంట శ్రుతికే పోతే పిల్లకు విసుగు రాకుండా ఎలా ఉంటుంది? రెండోది తీగల కింద వేళ్లు నొక్కే ఫింగర్ బోర్డు. అది ఎబొనీ అనే నల్లచేవ కర్ర కాకపోయినా కనీసం గట్టి కర్రతో చేసినది కావాలి. మన సంగీతంలో గమకం అంటే ఒకే తీగ మీద వేలు జారుతూనే ఉంటుంది. రంగు పూసిన మెత్తటి కర్ర అయితే కొన్ని నెలల్లోనే తీగల కింద గాళ్లు పడతాయి, వేళ్లకు నలుపు అంటుతుంది, జారు నున్నగా రాదు. కొట్లో చూసేటప్పుడు బోర్డు అంచును, అడుగు భాగాన్ని వెలుతురులో తిప్పి చూడండి. రంగు అయితే అక్కడ తెల్లకర్ర కనిపిస్తుంది.

మూడోది, అన్నిటికంటే పెద్దది, తీగలను మోసే గుర్రం. చాలామంది దాన్ని బ్రిడ్జి అనే అంటారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే గుర్రాన్ని ఆ ఫిడేలుకు తగినట్టు ఎవరూ చెక్కరు. ఎత్తుగా, మందంగా అలాగే వదిలేస్తారు. తీగలు బోర్డుకు దూరంగా ఉంటే చిన్న వేళ్లు నొక్కలేవు. బలంగా నొక్కితే తీగ సాగి స్వరం పైకి పోతుంది. పిల్ల చెవి మంచిదే అయినా అపస్వరం పలుకుతుంది, గురువు పిల్లనే తప్పుపడతాడు. బోర్డు చివర కొలిస్తే మొదటి తీగ కింద 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు, నాలుగో తీగ కింద 5 మిల్లీమీటర్ల చుట్టూ ఖాళీ ఉండాలి. ఒకటో శ్రుతికి (పాశ్చాత్య లెక్కలో ‘సి’) దించి కట్టేవారికి మంద్ర తీగ, అంటే నాలుగోది, ఎక్కువగా ఊగుతుంది కనుక అక్కడ ఇంకో అర మిల్లీమీటరు వదలాలి. చౌక సెట్లలో ఇది ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉండడం మామూలే. తీగలు బిరడాల వైపు దిగే చోట ఉండే చిన్న పట్టీకి కూడా ఇదే వర్తిస్తుంది. అక్కడ తీగకూ బోర్డుకూ మధ్య ఒక విజిటింగ్ కార్డు దూరితే చాలు.

గుర్రం పాదాలు పైచెక్క వంపుకు అతుక్కున్నట్టు కూర్చోవాలి. కాగితం అంచు కూడా దూరకూడదు. రెండు వైపులా ఉన్న ఎఫ్ ఆకారపు కోతల్లో లోపలి గాట్లకు సరిగ్గా మధ్యన అది నిలబడాలి. తీగలు బిగించిన ప్రతిసారీ గుర్రం తల బోర్డు వైపు లాగబడుతుంది. దాన్ని చూడకుండా వదిలేస్తే ఒకరోజు ఫట్‌మని పడి పైచెక్కను పగలగొడుతుంది. వారానికోసారి పక్కనుంచి చూసి, తోక పట్టీ (తీగల కింది కొసలు తగిలించేది) వైపు ఉన్న గుర్రం ముఖం నిట్టనిలువుగా లేకపోతే రెండు చేతుల వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా వెనక్కి తేవాలి. తీగ కూర్చునే గాట్లలో మెత్తటి పెన్సిల్ ములుకు రాస్తే గుర్రం అంతగా జరగదు.

లోపల సౌండ్ పోస్ట్ అనే చిన్న కర్ర ఉంటుంది. దాన్ని అంటించరు. తీగల ఒత్తిడితో పై, కింది చెక్కల మధ్య నిలబడుతుంది, మొదటి తీగ వైపు గుర్రం పాదానికి వెనక దాదాపు మూడు మిల్లీమీటర్ల దూరంలో. తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి విప్పితే అది పడిపోతుంది. ఒకటి విప్పి, కొత్తది కట్టి, తర్వాతే రెండోది విప్పాలి. పడిపోయిన పోస్టుతో తీగలు బిగిస్తే పైచెక్క కుంగుతుంది.

ఈ పనులన్నీ చేతనైన మనిషి చేతిలో సగం పూట పని. ఎనిమిది వేల ఫిడేలుకు గుర్రం చెక్కించి, బిరడాలు సరిచేయించి, తోక పట్టీకి శ్రుతిని సన్నగా సరిచేసే నాలుగు మరలు పెట్టించి, మంచి స్టీలు తీగలు కట్టిస్తే అది పాతికవేల ఫిడేలు పెట్టెలోంచి తీసినది తీసినట్టు వాయించినదాని కంటే బాగా పలుకుతుంది. మేం ఈ మాట గట్టిగా చెప్పగలం.

కమాను సంగతి ఎవరూ పట్టించుకోరు, సెట్టుతో వచ్చిందే అనుకుంటారు. కర్రను కంటికి ఆనించి కొస వరకు చూడండి, పక్కకు వంకర ఉండకూడదు. బిగించినప్పుడు కూడా కర్ర వెంట్రుకల వైపే వంగి ఉండాలి. మధ్యలో కర్రకూ వెంట్రుకలకూ నడుమ ఒక పెన్సిల్ పట్టేంత ఖాళీ చాలు. వాయించడం అయ్యాక వదులు చేయకపోతే కర్ర తిన్నగా సాగిపోతుంది, మళ్లీ రాదు. కొత్త వెంట్రుకకు రోజిన్ (తీగను పట్టేలా చేసే గట్టి బంక) బాగా పట్టించాలి, ఆ తర్వాత రోజుకు మూడు నాలుగు పూతలు మించకూడదు. ఎక్కువైతే నాదం గరగరలాడుతుంది. తీగ మీద వేలు జారడానికి కొబ్బరినూనె రాసే అలవాటు మన దగ్గర ఉంది. వేలి కొసకు ఒక చుక్క చాలు. ఆ వేలితో కమాను వెంట్రుకను ముట్టుకుంటే ఆ చోట ఇక తీగ పట్టదు. సెట్టు కమాను పనికిరాకపోతే పదిహేను వందల చుట్టూ ఫైబర్‌గ్లాస్‌ది దొరుకుతుంది. అది మన తేమకు వంకర పోదు.

తీగల్లో శ్రుతిని బట్టి ఆలోచించాలి. ఈ తీగలు పాశ్చాత్య శ్రుతికి తయారైనవి. ఐదు, ఐదున్నర శ్రుతిలో (‘జి’, ‘జి షార్ప్’) కడితే వాటి బిగువు దాదాపు సరిపోతుంది. మగ గొంతుకు తగినట్టు ఒకటికి దించితే అదే తీగలు వదులై కమాను కింద నలుగుతాయి, మంద్ర షడ్జం తేలిపోతుంది. అటువంటివారు పలుచని రకం కాకుండా మీడియం లేదా హెవీ రకం అడగాలి. రెండు వేల లోపు దొరికే స్టీలు సెట్టు నేర్చుకునేవారికి ఏడాది పైనే వస్తుంది. ఐదారు వేల సింథటిక్ తీగల నాదం నిజంగానే గుండ్రంగా ఉంటుంది. కానీ కమాను తిన్నగా నడవని చేతికి ఆ తేడా తెలియదు, పైగా అవి తొందరగా చస్తాయి.

కొననవసరం లేనివి: భుజం మీద పెట్టే రెస్ట్ అక్కర్లేదు. మనం కింద కూర్చుని ఫిడేలు కొసను కుడికాలి మడమ దగ్గర ఆనించి వాయిస్తాం. శ్రుతి పెట్టె కోసం ఐదు వేలు ఇప్పుడే వద్దు, ఫోన్‌లో తంబుర యాప్ చాలు. ఎదిగే పిల్లకు పెద్ద సైజు కొని దాచిపెట్టడం మాత్రం అసలు వద్దు. చెయ్యి అందని ఫిడేలుతో వేళ్ల స్థానం చెడుతుంది, దాన్ని సరిదిద్దడం మొదటినుంచి నేర్పడం కంటే కష్టం.

ఇక నలభై వేలు, లక్ష పైమాట. లోపల ‘స్ట్రాడివేరియస్’ (మూడు వందల ఏళ్ల కిందటి ఇటలీ ఫిడేలు తయారీదారు పేరు) అని చీటీ ఉందని మురిసిపోకండి. ఆ చీటీ లెక్కలేనన్ని ఫ్యాక్టరీ ఫిడేళ్లలో ఉంటుంది, అది నమూనా పేరే. అసలు స్ట్రాడివేరియస్ విషయంలో కూడా 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఒక పరీక్ష జరిగింది. కళ్లకు ముదురు అద్దాలు పెట్టి 21 మంది వాయిద్యకారులకు ఆరు ఫిడేళ్లు ఇచ్చారు. మూడు కొత్తవి, మూడు పాత ఇటలీవి. ఎక్కువమందికి నచ్చింది కొత్తదే, అతి తక్కువ నచ్చింది ఒక స్ట్రాడివేరియస్. కళ్లు మూస్తే అంత పేరున్నదే తేలనప్పుడు, నలభై వేల ధర చీటీ చూసి నాదం ఊహించుకోవడం దేనికి? వర్ణాలు దాటి కృతుల్లో పడ్డాక, కచేరీ స్థాయి కనిపించాక, పిల్ల తన చెవితో నాలుగు వాయించి చూసుకుని ఎంచుకోగలిగినప్పుడు ఆ ఖర్చు సార్థకమే. అప్పుడు పెట్టండి, వెనకాడొద్దు.

మన వాతావరణం గురించి ఒక్కమాట. భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రపు తేమ ఉంటుంది. వానాకాలంలో బిరడాలు ఉబ్బి బిగుసుకుంటాయి, ఎండాకాలం వదులవుతాయి. కొద్దిగా సుద్దముక్క, కొద్దిగా పొడి సబ్బు రాస్తే రెండిటికీ పనిచేస్తుంది. జారితే సుద్ద, బిగుసుకుంటే సబ్బు. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారి ఖాళీ పెట్టెను ఎండబెట్టండి. చీకట్లో మూసి ఉంచిన పెట్టెలో చిన్న పురుగులు చేరి కమాను వెంట్రుకలు కొరికేస్తాయి. ఫిడేలును మాత్రం ఎండలో పెట్టకూడదు, కారులో వదలకూడదు. దాన్ని అతికించిన జంతు జిగురు వేడికి ఊడుతుంది. అంచు ఊడిందని ఫెవికాల్ పోయకండి. ఆ అతుకు ఊడడానికే పెట్టారు, చెక్క పగలకుండా. ఫెవికాల్ బిగిస్తే వచ్చే వేసవికి చెక్కే చీలుతుంది. స్పిరిట్, శానిటైజర్ తగిలితే వార్నిష్ పోతుంది, పాత నూలుగుడ్డ చాలు.

అసలు కష్టం ఇదీ: పైన చెప్పిన పనులు చేసే చేతులు మన జిల్లాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతే. గుర్రం చెక్కించడానికీ వెంట్రుక మార్పించడానికీ విశాఖకో చెన్నైకో పంపాలంటే రవాణా, ఎదురుచూపు కలిపి ఖర్చు రెట్టింపు. అందుకే అమ్మకందారు కూడా సరిచేయకుండానే అమ్మేస్తున్నాడు. 1919లో మహారాజా సంగీత కళాశాల పెట్టిన ఊరు మన విజయనగరం. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఆ సంవత్సరమే అక్కడ ఫిడేలు ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఇటువంటి ఊళ్లో గుర్రం చెక్కేవాళ్లు చాలినంతమంది లేకపోవడం బాధ కలిగిస్తుంది.

కళాశాలను, జిల్లా అధికారులను మేం కోరేవి రెండు. మొదటిది, అరువు ఫిడేళ్లు. సగం సైజువి రెండు, ముప్పావువి నాలుగు, నిండువి నాలుగు, సరిచేయించినవి పన్నెండు వేల చొప్పున లక్షా ఇరవై వేలు. డిపాజిట్ తీసుకుని నెలకు కొద్ది అద్దెకిస్తే, పిల్ల ఆరు నెలలు నిలబడ్డాక తల్లిదండ్రులు కొనుక్కుంటారు. సైజు పెరిగితే మార్చుకుంటారు. అద్దె సొమ్ము తీగలకు సరిపోతుంది. తీగలు తెగితే కట్టేది, వాడకం నమోదు చేసేది ఎవరో మొదటే తేల్చాలి, లేకపోతే ఏడాదిలో పదీ బీరువా పాలవుతాయి.

రెండోది, గొల్లపల్లి. బొబ్బిలి పక్కన పనసకర్రను తొలిచి ఏకాండి (ఒకే మొద్దుతో చేసే) వీణ చేసే కళాకారులు, మైనంలో 24 మెట్లు చెవితో కూర్చేవాళ్లు అక్కడున్నారు. ఆ చేతికి ఫిడేలు గుర్రం, బిరడా, పోస్టు నేర్పడానికి సంవత్సరాలు పట్టదు. బిరడా రంధ్రం సరిచేసే రీమరు, బిరడా చెక్కే షేవరు, పోస్టు నిలబెట్టే వంకీ, సన్న ఆకురాళ్లు, జంతు జిగురు ఉంటే మరమ్మతు బల్ల మొదలవుతుంది. ఒక ఆరితేరిన పనివాణ్ని చెన్నై నుంచి నెలరోజులు పిలిపించి ఇద్దరికి నేర్పిస్తే చాలు. వీణల గిరాకీ ఏడాది పొడుగునా ఉండదు కాబట్టి వాళ్లకూ అదొక ఆదాయం. నెలకు ఒక ఆదివారం కళాశాల వరండాలో ఆ బల్ల వేస్తే పాలకొండ నుంచి, టెక్కలి నుంచి కూడా జనం ఫిడేళ్లు పట్టుకుని వస్తారు.

ఇట్లు,
ఫిడేలు నేర్పే, బాగుచేసే కొందరం,
విజయనగరం