రోడ్డుకు పూత చాలా, పొర కావాలా?

సంపాదకులకు నమస్కారం.

నల్లగా నిగనిగలాడే కొత్త తారు పొర కనిపిస్తేనే రోడ్డు బాగుచేసినట్టని చాలామంది అనుకుంటారు. అందుకే అధికారులు కూడా రోడ్డు బాగా చెడిపోయేదాకా ఆగి, అప్పుడు పొర పరిపిస్తారు. ఈ పద్ధతి మారాలి.

తారు రోడ్డును ఎక్కువగా దెబ్బతీసేది నీరు. ఎండకు, గాలికి తారు పెళుసుబారి సన్నటి బీటలు వస్తాయి. వాటిలోంచి దిగిన నీళ్లు కింది కంకరను వదులు చేస్తాయి. ఆపైన లారీలు తిరిగితే గుంతలే. కాబట్టి బీటలు సన్నగా ఉన్నప్పుడే వాటిని పూడ్చి, పైన చిప్ సీల్ (తారు చల్లి, దానిమీద చిన్న రాళ్లు పరచడం), స్లరీ సీల్, మైక్రో సర్ఫేసింగ్ (ఈ రెండూ నీళ్లలో కలిపిన తారుకు సన్నటి రాళ్లపొడి చేర్చి పలుచగా పూయడం) వంటి పూత వేయాలి. మైక్రో సర్ఫేసింగ్ సాధారణంగా 4 నుంచి 8 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. అయినా నీటిని ఆపుతుంది, టైర్లకు పట్టునిస్తుంది. పొరతో పోలిస్తే ఖర్చూ తక్కువ. అయితే రోడ్డు ఎగుడుదిగుడుగా ఉంటే పూత దాన్ని పెద్దగా సరిచేయలేదు. చిప్ సీల్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. మొదట్లో రాళ్లు లేచి అద్దాలకు తగులుతాయి, బైకులు జారుతాయి. అందుకే వదులు రాళ్లను ఊడ్చేదాకా వాహనాల వేగం తగ్గించాలి. భారీ బండ్లు మలుపు తిరిగే కూడళ్లలో అది అసలే నప్పదు.

పలుచటి తారు పొర మందం సుమారు 25 నుంచి 40 మిల్లీమీటర్లు. చిన్నచిన్న ఎత్తుపల్లాలను సరిచేస్తుంది, బండి కుదుపు తగ్గుతుంది. కానీ పలుచన కావడంతో వేడి త్వరగా ఆరిపోతుంది. రోలర్ ఆలస్యమైతే పొర సరిగా కుదురుకోదు. పాత రోడ్డు మీద దుమ్ము ఊడ్చి, టాక్ కోట్ (పాత రోడ్డుకు కొత్త పొర అతుక్కునేలా చల్లే పలుచటి తారు) అంతటా సమంగా కొట్టకపోతే పెచ్చులుగా లేచిపోతుంది. పైగా పాత తారు చెక్కకుండా పొర మీద పొర వేస్తూ పోతే రోడ్డు ఎత్తు పెరిగి వాన నీళ్లు ఇళ్లవైపు మళ్లుతాయి.

నాకు బాగా కోపం తెప్పించేది మరొకటి. మొసలి చర్మంలా పగిలి, కింది పొరలే దెబ్బతిన్న రోడ్డు మీద కూడా పలుచటి పొర కప్పేస్తారు. అక్కడ పూతా నిలవదు, పొరా నిలవదు. కింది బీటలు మళ్లీ పైకి తేలతాయి. ఆ భాగాన్ని తవ్వి, కంకర నుంచి కొత్తగా కట్టాల్సిందే.

అందుకే టెండరు పిలవకముందే ప్రతి రోడ్డునూ పరిశీలించి, ఏ భాగం ఏ స్థితిలో ఉందో, ఎక్కడ ఏ పద్ధతి ఎందుకు ఎంచుకున్నారో ప్రజలకు చూపాలని అధికారులను కోరుతున్నాను. చివరిసారి ఎప్పుడు, ఏ పని చేశారో కూడా అందులో రాయాలి.

– ఒక పాఠకుడు