నన్ను దాటిపోయేటప్పుడు

కడప,
ఆదివారం పొద్దున

మామా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు పక్కనే మీ చెల్లెలు కూర్చుని ఉంది. అందుకే "చిన్న దెబ్బేలే, తగ్గిపోతుంది" అని మాట తప్పించాను. నువ్వేమో "ఇంక ఆ సైకిల్ మానెయ్, యాభైకి దగ్గర పడ్డాం, స్కూటర్ కొనుక్కో" అని ఒకటే పోరు. దానికి జవాబు చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను. అప్పటినుంచీ ఆ మాట మనసులో తిరుగుతూనే ఉంది. ఎడమ చెయ్యి మెడకు కట్టుకుని ఉన్నాను గానీ కుడి చెయ్యి బాగానే ఉంది. అందుకని జరిగిందంతా రాస్తున్నాను. కొంచెం పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదువు.

ఆరోజు మంగళవారం. ఎప్పట్లాగే ఏడుంబావుకు ఇంట్లోంచి బయల్దేరాను. కమలాపురం రోడ్డు మీద కొంత దూరం పోయి, మా బడి ఉన్న పల్లె వైపు తిరిగాను. ఎండ ఇంకా ముదరలేదు, ఎదురుగాలి లేదు. ఎదురుగా బస్సు వస్తోంది. వెనకనుంచి ఒక కారు హారన్ మొదలుపెట్టింది. ఒకసారి కొట్టి ఆపడం కాదు, చెయ్యి తియ్యకుండా మోగిస్తూనే ఉన్నాడు. ఆ శబ్దానికి నేను రోడ్డు చివరికంటా జరిగాను. ఆ రోడ్లు నీకు తెలుసు కదా. తారు మీద తారు పోసుకుంటూ వచ్చారు గానీ పక్కన మట్టి మాత్రం ఎత్తు చెయ్యలేదు. అంచు దాటితే జానెడు పల్లం, దాని నిండా కంకర. బస్సు పోయేదాకా ఆ కారు నా వెనక ఆగి ఉంటే అతనికి పోయేది నాలుగు సెకన్లు, మహా అయితే ఐదు. ఆగలేదు. బస్సుకూ నాకూ మధ్యనున్న సందులోంచి దూరాడు. కారు అద్దం నా హ్యాండిల్ కొసకు తగిలింది. తర్వాత కంకర మీద పడి ఉండటమే గుర్తు. ఎడమ కాలర్ బోన్ విరిగింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. అదే నేను కుడివైపు పడి ఉంటే బస్సు చక్రాల కింద ఉండేవాణ్ణి మామా. ఈ ముక్క మీ చెల్లెలికి చెప్పలేదు. నువ్వూ చెప్పొద్దు.

కారు ఆగలేదు. నంబరు చూసేంత స్పృహ నాకు లేదు.

టమాటా బుట్టలు వేసుకుని పోతున్న ఆటో అబ్బాయి చూసి ఆగాడు. దిగాడు గానీ నా మీద చెయ్యి వెయ్యడానికి జంకాడు. "సార్, కేసులో నా పేరు రాస్తారేమో" అన్నాడు. పాపం, అతని భయంలో తప్పులేదు, ఎంతమంది తిప్పలు విని ఉంటాడో. ఆ నొప్పిలోనే చెప్పాను, మోటారు వాహనాల చట్టంలో 2019లో 134ఎ అని ఒక సెక్షన్ చేర్చారు, దెబ్బ తగిలినవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవాడి మీద కేసు ఉండదు, పేరు చెప్పమని కూడా బలవంతం చెయ్యకూడదు అని. నమ్మాడో లేదో తెలియదు గానీ బుట్టలు ఒక పక్కకు నెట్టి నన్ను ఎక్కించుకున్నాడు. దారి పొడుగునా గుంత కనపడ్డ ప్రతిచోటా ఆటో నెమ్మది చేశాడు. ఆ రోజు నన్ను కాపాడింది అతనే. నువ్వు మీ ఊళ్లో ఎక్కడైనా ఇలాంటిది చూస్తే ఈ 134ఎ మాట పదిమందికి చెప్పు. ఇది తెలియకే జనం చుట్టూ నిలబడి చూస్తుంటారు.

ఇంక పలకరింపులకు వచ్చినవాళ్ల సంగతి. ఒక్కరూ తప్పుగా మాట్లాడలేదు, అందరూ ప్రేమతో వచ్చినవాళ్లే. కానీ అందరూ అడిగింది నన్నే. పొద్దున్నే ఆ రోడ్డున ఎందుకు పోయావు, సైడు ఇవ్వలేదా, హెల్మెట్ ఉందా, ఈ వయసులో సైకిల్ ఏంటి. ఆ కారువాడు ఎందుకు ఆగలేదు అని అడిగినవాళ్లు లేరు. నువ్వు కూడా అడగలేదు మామా. నాకు బాధ కలిగింది అక్కడే. అదే రోడ్డు మీద గొర్రెల మంద అడ్డం వస్తే ఎంత పెద్ద లారీ అయినా ఆగుతుంది. ఇంజను ఆపుకుని మరీ నిలబడతారు. మంద తొలగదని వాళ్లకు తెలుసు. సైకిల్ మీద పోయేవాడు మాత్రం తొలుగుతాడు. తొలగాల్సింది వాడే అని అందరూ ఎప్పుడో ఒప్పేసుకున్నారు.

నేను సైన్స్ చెప్పేవాణ్ణి కదా, పిల్లలకు బోర్డు మీద లెక్క వేసి చూపిస్తుంటాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. డ్రైవర్ మూడు సెకన్లు ఫోన్ వైపు చూశాడంటే యాభై మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. వేగం 30 నుంచి 60కి పెరిగితే దెబ్బలో శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. 30లో తగిలితే చాలామంది బతికి బయటపడతారు, 60లో ఆ మాట చెప్పలేం. సైకిళ్లు, నడిచేవాళ్లు, బండ్లు కలిసి తిరిగే చోట 30కి మించొద్దని 2020లో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో చాలా దేశాలు కూర్చుని తీర్మానం చేసుకున్నది ఈ లెక్క చూసే. మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో సైకిల్ తొక్కేవాళ్లే నాలుగు వేలు దాటారు.

వాళ్లెవరో ఒకసారి ఆలోచించు. నాలాగా ఇష్టపడి తొక్కేవాళ్లు తక్కువ. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్లు, క్యారియర్‌కు పాల క్యాన్లు కట్టుకున్న పెద్దాయనలు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో కూలికి పోయేవాళ్లు. తెల్లారకముందే రోడ్డెక్కుతారు, చీకటి పడ్డాక తిరిగొస్తారు. సైకిల్‌కు లైటుండదు, వెనక మడ్‌గార్డ్ మీద ఎర్ర రిఫ్లెక్టర్ ఎప్పుడో పగిలిపోయి ఉంటుంది. అదే రోడ్డు మీద నాపరాయి బండలు నింపుకుని, అంచులు బయటికి పొడుచుకొస్తూ, వెనక లైటు లేకుండా ట్రాక్టర్లు పోతుంటాయి. ఎదురుగా వచ్చే లారీ హైబీమ్ వేసిందంటే రెండు మూడు సెకన్లు ఎవరికీ ఏమీ కనపడదు. ఆ రెండు మూడు సెకన్లలోనే ఎవరో ఒకరి ఇంటికి మనిషి తిరిగి రాడు. గుద్దింది ఎవరో తేలకపోతే ఆ కుటుంబానికి చట్టం ప్రకారం వచ్చేది రెండు లక్షలు.

పోయిన సంవత్సరం రేడియం షాపులో ఎర్ర రేడియం టేపు ఒక రోల్ కొన్నాను. మా తొమ్మిదో తరగతి పిల్లలు, నేను కలిసి ఒక శనివారం సాయంత్రం ఊరి ముందు నిలబడి, వచ్చిన ప్రతి సైకిల్‌కూ వెనక మడ్‌గార్డ్ మీద ఒక ముక్క, రెండు పెడళ్లకు చెరొక ముక్క అంటించాం. పెడల్‌కు ఎందుకు సార్ అని ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న అది. మడ్‌గార్డ్ మీది ముక్క వెలుతురు పడితే మెరుస్తుంది, అంతే. పెడల్ మీది ముక్క మెరుస్తూ పైకీ కిందికీ కదులుతుంది. ఆ కదలిక చూస్తే అది రాయి కాదు, గుడ్డపేలిక కాదు, మనిషి అని వెనకవాడికి దూరంనుంచే తెలుస్తుంది.

ఇంకో సంగతి రాయాలి. ఒకప్పుడు "బడికొస్తా" పథకం కింద ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లు ఇచ్చింది. ఆ రోజుల్లో పక్క పల్లె పిల్లలు గుంపుగా బెల్లు కొట్టుకుంటూ బడికి వస్తుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలేవి కావు. ఇప్పుడు ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉంది. బాగా చదువుతుంది, ఇంట్లో వాళ్లక్క సైకిల్ ఖాళీగా ఉంది, తొక్కడం వచ్చు. కానీ ఆటో దొరకని రోజు బడికి రాదు. వాళ్ల నాన్నను అడిగితే "ఆ టిప్పర్ల మధ్యకు బిడ్డను ఎట్లా పంపేది సార్" అన్నాడు. ఏం చెప్పాలి మామా? మొన్నటిదాకా అతనికి ధైర్యం చెప్పేవాణ్ణి. ఇప్పుడు నా చెయ్యి ఇలా మెడకు వేలాడుతుంటే ఏ మొహంతో చెప్పను?

అందుకే సైకిల్ మానను. నేను కూడా మానేస్తే ఆ రోడ్డు మీద సైకిల్ ఇంకొకటి తగ్గుతుంది. సైకిళ్లు తగ్గేకొద్దీ డ్రైవర్లకు వాటిని చూసే అలవాటు పోతుంది. మిగిలినవాళ్లకు ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

కాకపోతే తొక్కే తీరు మారుస్తాను. ఇన్నాళ్లూ అంచునే పట్టుకుని పోవడమే మంచిదనుకున్నాను. అది పొరపాటు. అంచున పోతే పక్కన సందు ఉందనుకుని వెనకవాడు దూరతాడు, నాకు తప్పించుకునే చోటు ఉండదు. అంచుకు రెండు మూడు అడుగులు ఇవతలగా, కనపడేలా, తిన్నగా పోవాలి. గుంత వస్తే చివరి నిమిషంలో పక్కకు తిప్పకూడదు, ముందే చూసుకుని చెయ్యి చూపించి జరగాలి. లారీకి ఎడమపక్క, అదే క్లీనర్ సైడ్, అస్సలు నిలబడకూడదు. ఒకప్పుడు క్లీనర్ తల బయటపెట్టి చూసేవాడు. ఇప్పుడు చాలా లారీల్లో డ్రైవర్ ఒక్కడే ఉంటాడు, కింద మనిషున్నాడని అతనికి తెలిసే దారే లేదు.

నా వంతు ఇది. ఇక నీ వంతు. పోయిన నెల నువ్వు కారు కొన్నావు, ఫొటో చూసి నిజంగా సంతోషపడ్డాను. ఇప్పుడు స్టీరింగ్ ముందు కూర్చున్నవాడివి కాబట్టి నిన్నే అడుగుతున్నాను.

సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటరు వదిలిపెట్టు. జర్మనీలో ఊళ్లలో అంత వదలాలని, ఊరు దాటితే రెండు మీటర్లు వదలాలని రూలే ఉంది. అంత చోటు లేకపోతే వెనకే ఉండు. ఎదురుబండి పోనివ్వు. వెనకకొచ్చి హారన్ కొట్టొద్దు, సైకిల్ మీద ఉన్నవాడు ఉలిక్కిపడితే హ్యాండిల్ ఎటు తిరుగుతుందో వాడికే తెలియదు. కొట్టాల్సొస్తే దూరంలో ఉండగానే ఒక్కసారి కొట్టు. రాత్రిపూట ఎదురుగా సైకిల్ వస్తున్నా సరే, లారీకి చేసినట్టే డిమ్ చెయ్యి. బండి ఆపి దిగేటప్పుడు తలుపు ఎడమ చేత్తో తియ్యి. నువ్వు కుడిపక్క కూర్చుంటావు కదా, ఎడమ చెయ్యి చాస్తే ఒళ్లు దానంతటదే తిరుగుతుంది, చూపు వెనక్కి పోతుంది. ఇక్కడ కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర తలుపు తగిలి పడ్డవాళ్లను నేనే ఇద్దర్ని చూశాను. చెల్లెమ్మకూ పిల్లలకూ కూడా ఇది నేర్పు, వెనక సీట్లో వాళ్లు అసలు చూడకుండా తెరుస్తారు.

"ఇదంతా ఫారిన్‌లో నడుస్తుంది, మన దగ్గర కాదు" అంటావని తెలుసు. నెదర్లాండ్స్ కూడా మొదటినుంచీ సైకిళ్ల దేశం అయి కూర్చోలేదు. 1971లో అంత చిన్న దేశంలో రోడ్ల మీద దాదాపు 3,300 మంది పోయారు, అందులో పిల్లలే నాలుగు వందల పైన. తల్లిదండ్రులు రోడ్ల మీద కూర్చుని, మా పిల్లల్ని చంపడం ఆపండి అని అడిగారు. అడిగాకే వేగాలు తగ్గాయి, సైకిల్ దారులు వచ్చాయి. మన దగ్గర చట్టం లేక కాదు. ప్రమాదకరంగా నడిపితే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద జైలు కూడా ఉంది. 2024 జులైలో ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల దాకా శిక్ష, అంతకుముందు రెండేళ్లే ఉండేది. అదంతా మనిషి పోయాక. నాకు కావాల్సింది ఆ నాలుగు సెకన్లు.

గుర్తుందా, ఇంటర్‌లో గంటకు అద్దె సైకిల్ తీసుకుని, నువ్వు తొక్కుతుంటే నేను క్యారియర్ మీద కూర్చుని గువ్వలచెరువు దాకా కోవా కోసం పోవాలని బయల్దేరాం. ఘాట్ మొదట్లోనే ఊపిరాడక దిగి తోసుకుంటూ నడిచాం. ఎన్ని లారీలు మనల్ని దాటుకుంటూ పోయాయి! ఒక డ్రైవర్ ఆపి, సైకిల్ లారీ మీదికి ఎక్కించి, పైన కోవా అంగడి దగ్గర దింపి పోయాడు. డబ్బులు తీసుకోలేదు. అట్లాంటి డ్రైవర్లు ఇప్పటికీ ఉన్నారు. రోజూ నన్ను దాటే ఒక సిమెంటు లారీ ఆయన పూర్తిగా అవతలి పక్కకు తిప్పి, అద్దంలో చూసి, చెయ్యి ఊపి పోతాడు. ఆయన పేరు కూడా తెలియదు.

డాక్టర్ ఆరు వారాలు చెయ్యి కదిపొద్దన్నాడు. సైకిల్‌కు ముందు చక్రం రిమ్ వంకర పోయింది, అంగట్లో ఇచ్చాను. ఉగాదికి వస్తానన్నావు కదా, వచ్చేటప్పుడు చార్జింగ్ చేసుకునే వెనక లైట్లు నాలుగు తెచ్చిపెట్టు, అక్కడ మంచివి దొరుకుతాయి. ఒకటి నాకు. ఒకటి ఆ ఎనిమిదో తరగతి పిల్లకు. పండగ పొద్దున కారు ఇంటి ముందే పెట్టెయ్యి. పక్కింట్లో ఒక సైకిల్ అడిగి పెడతాను, దేవుని కడప గుడికి తొక్కుకుంటూ పోదాం. ముందు నువ్వు పో, నీ వెనక నేను వస్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు